పైపళ్ళు ముందొచ్చిన పిల్ల మేనమామ

మా అన్న పోయాడు. పోయిన నెలలో ఒక మధ్యాహ్నం, మందను చెట్ల నీడకు తోలి కూర్చున్నవాడు గుండెల్లో మంటగా ఉందని లేచి ఇంటికి నడిచి వచ్చాడట. గ్యాసు అనుకున్నాడు. నిమ్మకాయ సోడా తాగాడు. చెయ్యి లాగుతోందని ఆయన చెప్పాక గానీ మా అమ్మకు భయం పుట్టలేదు. ఎదురింటివాళ్ళు కారు తీసి ఆత్మకూరు ఆసుపత్రికి బయలుదేరారు. సగం దారిలోనే అయిపోయింది. ఆ వేళకు నేను ఉదయగిరిలో మా బడి పిల్లలకు భిన్నాలు చెబుతున్నాను. ఫోను మోగింది. "టీచరమ్మా, మీ అన్న..." అని ఆగిపోయిన ఆ గొంతు ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. నేను కనుక్కోనూ లేదు.

ఇది చదివేవాళ్ళలో మా అన్నను ఎరిగినవాళ్ళు ఎక్కువమంది ఉండరు. ఆయన గొర్రెలు కాసేవాడు. మాది ఉదయగిరికి దగ్గర పల్లె, తరాలుగా గొర్రెల ఇల్లు. పెళ్ళి ఎందుకు చేసుకోలేదురా అని ఎవరైనా అడిగితే మందను చూపించి, "వీటితోనే వేగలేక చస్తా ఉండాను, ఇంకోటి ఏంటికి?" అనేవాడు. అలాంటి మనిషి గురించి పత్రికలో రాయాలని నేనూ అనుకోలేదు. కానీ ఆయన పోయిన రోజు మా ఇంట్లో ఒక మాట పుట్టింది. ఆ మాట మా పాప చెవిన పడింది. అప్పటినుంచి మొన్నటిదాకా మా పాప నోరు తెరవలేదు. అందుకని రాస్తున్నాను.

మా పాప పుట్టేనాటికి దాని నాయన కృష్ణపట్నం వైపు లారీ తోలేవాడు, ఇప్పటికీ అదే పని. వారానికో, పది రోజులకో వచ్చి పోతాడు. నాకు బడి. అందుకని మేము పుట్టింట్లోనే ఉండిపోయాం. ఇంట్లో అమ్మ, అన్న, నేను, పాప.

పాపకు ఎనిమిదో నెల నడుస్తుండగా ఒకరోజు అమ్మ దానికి నీళ్ళు పోస్తూ ఉన్నట్టుండి చెంబు కింద పెట్టేసింది. నేను పరుగున వెళ్ళి చూస్తే పాప కిలకిలా నవ్వుతోంది. పై చిగురు మీద రెండు తెల్లని చుక్కలు. కింద ఏమీ లేదు.

మా వైపు పెద్దవాళ్ళకు ఇది చెప్పనక్కర లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పసిబిడ్డకు కింది పళ్ళు ముందు రావాలి. పైపళ్ళు ముందొస్తే మేనమామకు గండం అంటారు. పాపకు ఉన్న మేనమామ ఒక్కడే. మా అమ్మకు ఉన్న కొడుకూ ఒక్కడే.

అమ్మ ఆ పూట పొయ్యి వెలిగించలేదు. సాయంత్రం అన్న మందను దొడ్డిలో కట్టి రాగానే, "అబ్బయ్యా, రేపే పోయి ఆ పళ్ళు పీకించుకోని రాండి" అంది. నేను పాపను ఒళ్ళోకి లాక్కున్నాను. అన్న మాత్రం కాళ్ళు కడుక్కుంటూ తల కూడా ఎత్తలేదు.

"ఏమ్మా, గొర్రెకు పైన ముందుపళ్ళే ఉండవు గదా, చూసుండావా ఎప్పుడైనా?"

"చూడకేంరా."

"మరి గొర్రెల మేనమామలందరూ నూరేళ్ళు బతకాల గదా. ఆదివారం వస్తే కోసకతింటా ఉండాం!"

నాకు నవ్వు ఆగలేదు. అమ్మకు మాత్రం నవ్వు రాలేదు. "నీకు ఎగతాళిగా ఉండాది. కన్నదాన్ని నాకు తెలుస్తాది" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్న పాపను ఎత్తుకుని, "పసిబిడ్డ నోట్లో చెయ్యి పెట్టి పన్ను పీకేదానికి మనం మనుషులమా, రాక్షసులమా? నేనుండగా దీని పన్ను మీద ఎవురూ చెయ్యి వేయబళ్ళేదు" అన్నాడు. ఆ మాట మీద ఆయన నిలబడ్డాడు. నిలబడినందుకు నేను బతికినన్నాళ్ళూ ఆయనకు రుణపడి ఉంటాను.

పన్ను పీకించడం తప్పిపోయింది కానీ అమ్మ ఊరుకోలేదు. ఎవరిని అడిగిందో, తనకే తోచిందో, ఇంకో పరిహారం పట్టుకొచ్చింది. కింది పళ్ళు వచ్చేదాకా రోజూ పొద్దు గూకే వేళ మేనమామ తన చేత్తో పిల్లకు బెల్లం నాకించాలట. తీపి తిన్న నోరు మేనమామకు కీడు తలపెట్టదట. కన్నతల్లి మనసు కుదుటపడుతుందంటే బెల్లం ముక్క ఎంతలోది అనుకున్నాడు అన్న. చిటికెన వేలికి బెల్లం పాకం అంటించుకుని రోజూ పాప నోట్లో పెట్టేవాడు. పాప ఆ వేలును రెండు చేతులా పట్టుకుని చప్పరించేది.

రెండు నెలలు తిరక్కుండానే కింది పళ్ళూ వచ్చాయి. పరిహారం గడువు అక్కడితో తీరిపోవాలి. కానీ పాపకు బెల్లం అలవాటయింది, మా అన్నకు ఆ వేలు అందించడం అలవాటయింది. దొడ్డికి చేరే మంద గంటలు వినబడగానే పాప గడప దగ్గర కూర్చునేది. వేలు పోయి ముక్క వచ్చింది. ముక్క బుగ్గన పెట్టుకునే నిద్రపోయేది. పళ్ళు తోమాలని మాకెవరికీ తట్టలేదు. ఒకసారి నేను అంటే, "పాలపళ్ళే గదమ్మే. ఊడిపోయేవాటికి తోముడేంది? నా గొర్రెపిల్లలకు ఎవురు తోముతా ఉండారు?" అని నవ్వేశాడు. గొర్రెల వయసును పళ్ళు చూసి చెప్పేవాళ్ళు మావాళ్ళు. పాలపళ్ళ పిల్ల, రెండు పళ్ళది, నాలుగు పళ్ళది అని సంతలో పెదవి ఎత్తి చూసి బేరం చేస్తారు. పాలపన్ను అంటే లెక్కలోకి రాని పన్ను. మా అన్నకు తెలిసిన పళ్ళ చదువు అదే.

మూడో ఏట ఒక తెల్లవారి పాప పై పెదవి ఉబ్బి ముక్కును తాకుతోంది. ఒళ్ళు కాలిపోతోంది. పెదవి ఎత్తి చూస్తే పైపళ్ళు అంచులు అరిగి గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి, ఒకదాని మీద చిగురు చీము పట్టింది. అన్న ఆ రోజు మందను పక్కవాళ్ళకు అప్పగించి మాతో ఆత్మకూరు బస్సెక్కాడు. దారి పొడుగునా పాప ఆయన భుజం మీదే ఉంది.

ఆత్మకూరులో పళ్ళ డాక్టరమ్మ మా ఈడుదే. పాపను చూసి, మమ్మల్ని చూసి, "తీపి ఎవరు పెడతారు?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా అన్న, "నేనేనమ్మా" అన్నాడు.

"రోజూనా?"

"రోజూనే. పొద్దుగూకినాక."

"తిన్నాక నోరు కడుగుతారా?"

అన్న తల అడ్డంగా ఊపాడు. తరువాత, "పాలపళ్ళే గదమ్మా, ఊడిపోయేవే గదా" అని గొణిగాడు. ఆ మాట అంటున్నప్పుడే ఆయనకు దాని మీద నమ్మకం పోయిందని నాకు అర్థమైంది.

డాక్టరమ్మ కోప్పడలేదు. "ఊడిపోయేదాకా ఆ పిల్ల వాటితోనే కదన్నా తినాలి" అంది. "ముందు పళ్ళు ఆరేడేళ్ళకు ఊడతాయి. దవడ పాలపళ్ళు పదకొండు పన్నెండేళ్ళదాకా ఉండాలి. అవి ముందే పుచ్చి పోయాయనుకో, వెనకవి ముందుకు జరుగుతాయి. కింద పెరుగుతున్న పన్నుకు పైకి వచ్చే చోటుండదు. పాలపన్ను ఉన్నది ఆ చోటు కాయడానికే." చోటు కాయడం అన్న మాట మా అన్నకు సూటిగా తగిలింది. కాపు కాయడం ఆయన వృత్తి.

మిగిలిన పళ్ళను బాగు చేయవచ్చు కానీ చీము పట్టిన పన్ను తీసేయక తప్పదంది. పాప మొట్టమొదటి పళ్ళు రెండింటిలో అదొకటి. మత్తు సూది వేసి తీసినంతసేపూ పాప తల పట్టుకున్నది మా అన్నే. బయటికి వచ్చాక బల్ల మీద కూర్చుని ముఖం తువ్వాలులో దాచుకున్నాడు. మా నాయన పోయినప్పుడు కూడా మా అన్న అలా ఏడవడం నేను చూడలేదు.

"పీకనీను అని పట్టుబట్టినవాణ్ణి నేనే. ఇప్పుడు తల పట్టకోని పీకించిందీ నేనే. గండం నాకు కాదమ్మే. ఈ బిడ్డకు నేనే గండమయినాను" అన్నాడు.

ఇంటికి పోయేసరికి వాకిట్లో అమ్మ ఎదురుచూస్తోంది. పాప నోట్లో ఖాళీ చూసి లోపలికి వెళ్ళి దేవుడి పటం ముందు కర్పూరం వెలిగించి, "పోయిందిలే పీడ" అనుకుంది. అన్న విన్నాడు. వంటింట్లోకి వెళ్ళి, బెల్లం డబ్బా తీసి అటక మీద పెట్టాడు.

ఆ మరునాటినుంచి మా ఇంట్లో కొత్త వ్యవహారం మొదలైంది. రాత్రి కూడు తిన్నాక అన్న గోడకు ఆనుకుని కాళ్ళు చాపి కూర్చునేవాడు. పాప ఆయన ఒళ్ళో తల పెట్టి వెల్లకిలా పడుకునేది. గొర్రెపిల్లకు మందు పోసేటప్పుడు పట్టుకున్నట్టే ఎడమ చేత్తో గడ్డం పట్టుకుని, కుడి చేత్తో చిన్న బ్రష్షు నోట్లో పెట్టేవాడు. పేస్టు బియ్యం గింజంత. డాక్టరమ్మ చెప్పిన కొలత అది, మూడేళ్ళు దాటాక బఠాణీ గింజంత. టీవీలో బ్రష్షు నిండా పేస్టు పరిచేవాళ్ళను చూస్తే, "దోసె మీద చట్నీ రాస్తా ఉండాడు జూడు" అని వెక్కిరించేవాడు.

మొదట్లో పాప బాగా పెనుగులాడేది. ఆయన దానికి ఒక ఉపాయం కనిపెట్టాడు. ఒక్కో పన్నుకు ఒక్కో గొర్రె పేరు పెట్టాడు. "ఇది బొల్లిది. ఇది మొండిచెవిది. ఇదో, యెనకాల నక్కినాది కుంటిది, దీన్ని బాగా తోమాల, యాడ పడితే ఆడ తింటాది." సాయంత్రం మందను దొడ్డిలోకి తోలేటప్పుడు ఎలా లెక్కపెట్టుకునేవాడో అలాగే నోట్లోని పళ్ళన్నీ లెక్క సరిపోయేదాకా బ్రష్షు బయటికి తీసేవాడు కాదు. పాపకు పళ్ళకంటే ముందు గొర్రెల పేర్లు వచ్చాయి.

ఆయన పళ్ళు మాత్రం గారపట్టి, పసుపు గోధుమరంగు చారలతో ఉండేవి. మా ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. మా తరంలో చాలామందికి అంతే. ఎవరైనా ఫొటో తీస్తామంటే ఆయన నోరు బిగించేవాడు. పాలపళ్ళు ఊడాక వచ్చే పళ్ళు చిగురు లోపల తయారయ్యేది పసితనంలోనేనని, ఆ వయసులో తాగే నీళ్ళే వాటి రంగు తేలుస్తాయని డాక్టరమ్మ చెప్పాక ఆయన బోరు నీళ్ళు పాప దగ్గరికి రానివ్వలేదు. ఉదయగిరి ప్లాంటులో నీళ్ళు పట్టి బండి వెనక క్యాను కట్టుకుని తెచ్చేవాడు. వాన వచ్చినా, మంద ఈనికలో ఉన్నా ఆ క్యాను రావడం మానలేదు. "మనం ఎట్టా అయిపోయినాము. ఇది నోరారా నవ్వాల" అనేవాడు. మా వీధిలో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా వెళ్ళి, పళ్ళు రాకముందే పాలు తాపినాక చిగుళ్ళు తడిగుడ్డతో తుడవండి అని, తీపి కలిపిన పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చొద్దని చెప్పివచ్చేవాడు. గొర్రెల కాపరికి ఇదేం పిచ్చి అని నవ్వుకున్నవాళ్ళు ఉన్నారు. "నవ్వితే నవ్వనీ. మా పాపకు నేను చేసింది ఇంకోరు చేయకూడదు" అనేవాడు.

ఆరో ఏట ఒకనాడు తోముతూ తోముతూ ఆగిపోయాడు. వేలు పెట్టి తడిమాడు. "ఏమ్మే, టార్చిలైటు తీసకరా!" అని కేక పెట్టాడు. నేను హడలిపోయి తెచ్చాను. కింది దవడ చివర, ఏ పన్నూ ఊడకుండానే, కొత్త పన్ను ఒకటి తల ఎత్తుతోంది. డాక్టరమ్మ ముందే చెప్పి ఉంచింది, ఆరేళ్ళప్పుడు వచ్చే ఆ పన్నును అందరూ పాలపన్నే అనుకుని వదిలేస్తారని, అది ముసలితనం దాకా ఉండాల్సిన పన్నని. మర్నాడు ఆత్మకూరు బస్సులో మా అన్న కండక్టరుకు కూడా ఆ సంగతి చెప్పాడు. పన్ను పూర్తిగా పైకొచ్చి, దాని మీది గాడులు పూడ్చి పూత వేయించుకుని వచ్చేదాకా ఆయన మనసు నిలవలేదు.

తరువాత ముందుపళ్ళు వచ్చాయి. తెల్లగా, పెద్దగా, మధ్యలో సందుతో వచ్చాయి. నాకు ఆ సందు చూస్తే దిగులుగా ఉండేది. "కోరపళ్ళు వచ్చేసరికి అవే సర్దుకుంటాయని డాక్టరమ్మ చెప్పింది గదా. నీకు తొందర ఎక్కువ" అని నన్నే కసిరాడు. పాపను ఎండలోకి తీసుకుపోయి పెదవి ఎత్తి చూసుకుని, సంతలో మంచి పొట్టేలును కొన్నవాడి ముఖం పెట్టేవాడు. మా బడికి తల్లిదండ్రుల సమావేశానికి వచ్చినప్పుడు కూడా అంతే. వరండాలో నిలబడి, దొరికిన పిలకాయనల్లా "నోరు తెరువు నాయనా" అని చూస్తుంటే మా హెడ్మాస్టరు, "ఏమయ్యా, మా పిల్లల్ని సంతకు తోలతావా ఏంది?" అని నవ్వాడు. పుట్టినరోజుకు తరగతిలో చాక్లెట్లు పంచే అలవాటును మా అన్న సహించేవాడు కాదు. పాప పుట్టినరోజుకు ఉడకబెట్టిన శనక్కాయలు గోతాం నిండా తెచ్చాడు. పిల్లలు మొదట ముఖాలు ముడుచుకున్నారు, తరువాత గోతాం దులిపి మరీ తిన్నారు. చాక్లెట్లు ఆ ఏడాది ఏమీ ఆగలేదు. ఆయన మాత్రం తరువాతి ఏడూ శనక్కాయలే తెచ్చాడు.

రెండో తరగతి దాటి మూడో తరగతిలోకి వచ్చాక పాప ఒకరోజు బ్రష్షు లాక్కుని, "ఇంక నేనే తోముకుంటా మామా. నువ్వు నన్ను ఇంకా చంటిపిల్ల అనుకుంటా ఉండావు" అంది. అన్న సరేనన్నాడు. కానీ ఆయన ముఖం వాడిపోవడం నేను చూశాను. ఆ తరువాత కూడా రోజూ అది తోముకునేటప్పుడు తలుపు దగ్గర నిలబడి, "కుంటిదాన్ని మర్చిపోయినావు" అని గుర్తు చేసేవాడు.

ఇంతమందికి ఇన్ని చెప్పిన మనిషి తన ఒంటికి మాత్రం ఏమీ చేసుకోలేదు. ఎండాకాలం మొదట్లోనే ఆయాసం వస్తోందని నాతో అన్నాడు. చూపించుకో అన్నాను. "ఆత్మకూరు పోయినప్పుడు చూస్తాలే" అన్నాడు. పాప పళ్ళకని ఎన్నిసార్లు ఆత్మకూరు పోలేదు! ఆ పక్క వీధిలోనే గుండె డాక్టరు ఉన్నాడు. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు. రాస్తుంటే ఇప్పుడూ వస్తోంది.

ఇక ఆ రోజు సంగతి. అన్నను ఇంటికి తెచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. అమ్మ కొడుకు తల దగ్గర కూర్చుని నేలను కొట్టుకుంటూ ఏడుస్తోంది. ఆ ఏడుపులో, ఎవరితో అంటున్నదీ తెలియకుండా, "ఆ పైపళ్ళు కనపడిన రోజే పీకించి ఉంటే నా బిడ్డ నాకు దక్కును గదా! మూడేండ్లు నోట్లో పెట్టుకోని సాకినాము గదా గండాన్ని!" అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. వాళ్ళలో ఒకరిద్దరు పాప వైపు చూశారు. పాప స్తంభాన్ని పట్టుకుని నిలబడి ఉంది. ఆరో తరగతి పిల్ల, అన్నీ తెలుస్తున్న వయసు. మెల్లగా చెయ్యి ఎత్తి నోటికి అడ్డం పెట్టుకుంది.

చాలా రోజులు ఆ చెయ్యి దిగలేదు. బడిలో ఎవరైనా పలకరిస్తే తల ఊపేది. అన్నం తలుపు చాటున కూర్చుని తినేది. అవ్వ ఒక గదిలో ఉంటే తను ఇంకో గదిలో ఉండేది. పెద్దకర్మ అయిన రోజు నన్ను పెరట్లోకి లాక్కుపోయి, "అమ్మా, మామ నా వల్లనే పోయినాడా?" అని అడిగింది.

నేను చెప్పగలిగినదంతా చెప్పాను. గుండెలో నెత్తురు పోయే దారి పూడుకుపోయిందని చెప్పాను. ముందొచ్చిన పళ్ళలో ఒకటి మూడేళ్ళప్పుడే పోయిందని, రెండోది ఏడో ఏట ఊడితే మామే దొడ్డి కప్పు మీదకు విసిరాడని, ఇప్పుడున్నవి వేరే పళ్ళని చెప్పాను. కింది పళ్ళు ముందా పైపళ్ళు ముందా అన్నది బిడ్డ బిడ్డకూ మారుతుందని, డాక్టరమ్మ అలాంటి పిల్లల్ని ఎంతోమందిని చూసిందని చెప్పాను. లెక్కల టీచరును కదా, తప్పులేకుండా చెప్పాను. పాప అంతా విని, "మరి అవ్వ ఎందుకట్టా అనింది?" అంది. అమ్మను అడుగుదామంటే ఆమె గోడ వైపు తిరిగి పడుకునే ఉండేది. కొడుకు పోయిన తల్లితో ఏమని వాదించను?

మొన్న అమ్మకు బీపీ చూపించాలి, పాపకు ఆరు నెలల పళ్ళ పరీక్ష గడువు వచ్చింది. ఇద్దర్నీ తీసుకుని ఆత్మకూరు బస్సెక్కాను. అవ్వ ఒక కిటికీ దగ్గర, మనవరాలు ఇంకో కిటికీ దగ్గర కూర్చున్నారు. మధ్యలో నేను. ముందు బీపీ చూపించి, తరువాత పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. అమ్మ లోపలికి వచ్చి తలుపు పక్కన ముడుక్కుని కూర్చుంది.

"మీ మామ రాలేదా?" అని డాక్టరమ్మ అడిగింది. నేను చెప్పాను. ఆమె చేతికి వేసుకోబోయిన గ్లౌజు పక్కన పెట్టి పాప తల నిమిరింది. తరువాత లైటు వేసి, కుర్చీలో ఉన్న పాపతో, "ఏదీ తల్లీ" అంది.

పాప చెయ్యి తీయలేదు. ఆ చేతి కిందినుంచే, ఇన్ని రోజుల తరువాత, "నా పైపళ్ళు అన్నీ పీకేయండి డాక్టరమ్మా" అంది. "అవి ఉంటే మా అవ్వ నా మొహం చూడదు. నేనేం ఏడవను. పీకేయండి."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను ఏదో అనబోయేలోగా వెనకనుంచి కుర్చీ జరిగిన చప్పుడైంది. అమ్మ లేచి, గోడ పట్టుకుంటూ వచ్చి పాప తల దగ్గర నిలబడింది.

"నేనన్న మాటకా, తల్లీ?" అంది. పాప కళ్ళు మూసుకుంది. అమ్మ దాని మీదకు వంగింది. "నా కొడుకు పోయినాడు. ఎవురి మీదనో ఒకరి మీద వేయకపోతే నాకు ఊపిరాడలేదే. నీ మీద వేసినాను. నువ్వు చిన్నపిల్లవని గూడా చూడలేదు." చెంగుతో పాప కళ్ళు తుడిచింది. తన కళ్ళు తుడుచుకోలేదు. "దినామూ ఆ గోడకు కూర్చోని తోముతా ఉంటే నేను భయపడి మొహం తిప్పుకుంటిని. ఇన్నేళ్ళూ నీ నోట్లోకి ఒక్కసారి కూడా చూసింది లేదు. నా కొడుకు చేసిన పని నేను చూడనే లేదు. నోరు తెరువమ్మా. నన్ను చూసుకోనీ."

పాప చెయ్యి మెల్లగా దిగింది. నోరు తెరిచింది. అమ్మ కాయలు కాచిన తన వేలుతో పైపళ్ళను ఒక్కొక్కదాన్నే, ఈ చివర నుంచి ఆ చివరకు, తడుముకుంటూ పోయింది. డాక్టరమ్మ ఆ లైటును ఇంకాస్త కిందికి వంచింది, ముసలి కళ్ళకు బాగా కనిపించాలని.